ప్లేటు మీద గాలి ఎక్కడ చెదురుతుంది? సూది, లెవెల్ పైపు, స్టెతస్కోపులతో కొలిచే పద్ధతి

ప్లేటును ఒరుసుకుంటూ పొరలు పొరలుగా సాగే గాలి (లామినార్ బౌండరీ లేయర్) ఎప్పుడు కలగాపులగంగా చెదిరి టర్బులెంట్ అవుతుందని వైవాలో అడిగితే మెకానికల్ పిల్లలు తడుముకోకుండా చెప్పే జవాబు ఒకటుంది: "రెనాల్డ్స్ నంబరు 5 లక్షలు దాటాక సార్." మార్కులు వచ్చేస్తాయి. (రెనాల్డ్స్ నంబరంటే గాలి వేగాన్ని దూరంతో హెచ్చించి గాలి జిగటతో భాగిస్తే వచ్చే అంకె.) అదే ప్లేటును కాలేజీ విండ్ టన్నెల్లో పెట్టి కొలవండి, ఆ 5 లక్షలు కనబడితే అదృష్టమే. రెండు లక్షలకే చెదిరిపోయి ఉండొచ్చు, మూడున్నర లక్షల దాకా లాక్కురావచ్చు. 1940లలో అమెరికాలో షుబావర్, స్క్రామ్‌స్టాడ్ అనే ఇద్దరు టన్నెల్లో గాలి కుదుపులను 0.08 శాతం కంటే కిందికి దించి చూస్తే, 28 లక్షల దాకా పొర లామినార్‌గానే నడిచింది. గాలి కుదుపులు 3 శాతం ఉన్న మొరటు టన్నెల్లో లక్షకూ రెండు లక్షలకూ మధ్యే పని అయిపోతుంది.

5 లక్షలు అబద్ధమని నేననడం లేదు. లెక్క మొదలుపెట్టడానికి ఇంజినీర్లు ఒప్పుకున్న అంకె అది. మీ టన్నెల్‌కు, మీ ప్లేటుకు సొంత అంకె ఉంటుంది. దాన్ని పట్టుకునే పద్ధతి ఇక్కడ వరసగా చెబుతున్నాను. ఇంజెక్షన్ సూదిని గాలికి ఎదురుగా పెట్టి, అందులో చేరే పీడనాన్ని బట్టి అక్కడి వేగం కడతాం. సామాను ఖరీదైనదేమీ కాదు. సూదులు, సెలైన్ ట్యూబులు విజయవాడ సూర్యారావుపేటలోనో, గుంటూరు కొత్తపేటలోనో ఏ మందుల షాపులో అడిగినా ఇస్తారు. ప్లేటు అంచు చెక్కించాలంటే ఆటోనగర్ ఉండనే ఉంది. కావలసిన పెద్ద వస్తువు టన్నెల్ ఒక్కటే. టెస్ట్ సెక్షన్ (ప్లేటు పెట్టే గది) 30 సెంటీమీటర్ల చదరం ఉన్నా చాలు, గాలి మాత్రం సెకనుకు 15 మీటర్ల దాకా వెళ్ళాలి. ఎగ్జాస్ట్ ఫ్యాను బిగించి ప్లైవుడ్ డబ్బా కట్టుకున్నవాళ్ళకు వేగం 10 మీటర్లు దాటకపోతే ప్రొఫైల్ (ఎత్తును బట్టి వేగం మారే తీరు) కొలిచే జోలికి వెళ్ళకండి. అక్కడ వచ్చే పీడనం ఐదారు మిల్లీమీటర్ల నీటికి మించదు, గోడ దగ్గర, అంటే ప్లేటుకు ఆనుకుని, అందులో పదో వంతు కూడా మిగలదు. అలాంటివాళ్ళు కింద చెప్పబోయే స్టెతస్కోపుతో వినే పద్ధతితో సరిపెట్టుకోవచ్చు, అదీ బాగానే పనిచేస్తుంది.

అసలు విషయం రెండు ముక్కల్లో. గాలి ఎంత వేగంగా వెళ్తున్నా ప్లేటును అంటుకున్న పొర కదలదు. అక్కడ సున్నా, కాస్త పైన పూర్తి వేగం. ఈ సున్నాకూ పూర్తి వేగానికీ మధ్య ఉన్న పల్చని మేరే బౌండరీ లేయర్. జిగట ప్రభావమంతా ఈ మేరలోనే ఉందని, దాని బయట గాలిని జిగట లేనిదిగా లెక్కకట్టుకోవచ్చని లుడ్విగ్ ప్రాంటెల్ 1904లో హైడెల్‌బర్గ్ గణిత మహాసభలో చెప్పాడు. ఆయన శిష్యుడు బ్లాసియస్ 1908లో చదునైన ప్లేటుకు లెక్క తేల్చి ఇచ్చాడు. ఇవాళ మనం సరిచూసుకోబోయేది ఆ లెక్కతోనే.

ముందు కాగితం మీద

టన్నెల్ స్విచ్చి వేసే ముందు పొర మందం ఎంత రావాలో లెక్క కట్టుకోండి. లేకపోతే సూదిని ఎక్కడ పెట్టాలో, ఎంతెంత జరపాలో తెలియదు.

రెనాల్డ్స్ నంబరుకు కైనమాటిక్ విస్కాసిటీ (గాలి జిగటను సాంద్రతతో భాగించిన విలువ) కావాలి. పుస్తకాల్లో దాన్ని సున్నాల వరసతో రాస్తారు గానీ, మిల్లీమీటర్లలో పెట్టుకుంటే నోటితోనే లెక్క అయిపోతుంది. 32 డిగ్రీల గాలికి అది సెకనుకు 16.2 చదరపు మిల్లీమీటర్లు. వేగాన్ని మిల్లీమీటర్లలో, లీడింగ్ ఎడ్జ్ (ప్లేటు ముందంచు) నుంచి దూరాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని హెచ్చించి 16.2తో భాగించండి. 15 మీటర్ల వేగం, 300 మిల్లీమీటర్ల దూరం అయితే 15,000 ఇంటూ 300 బై 16.2, అంటే సుమారు 2,78,000. 600 మిల్లీమీటర్ల దగ్గర 5,56,000.

లామినార్ మందానికి దూరాన్ని 5తో హెచ్చించి రెనాల్డ్స్ నంబరు వర్గమూలంతో భాగించాలి. 300 దగ్గర 2.85 మిల్లీమీటర్లు వస్తుంది. పొర మొదటి నుంచీ టర్బులెంట్ అయితే దూరాన్ని 0.37తో హెచ్చించి రెనాల్డ్స్ నంబరు ఐదో మూలంతో భాగించాలి. అదే చోట 9 మిల్లీమీటర్లు. మూడు రెట్ల తేడా! ప్లేటు మీద ఒరిపిడి అయితే సుమారు నాలుగు రెట్లు. ఇంత తేడా ఉంది కాబట్టే ఇంజెక్షన్ సూది లాంటి మొరటు సాధనంతో కూడా రెండింటినీ విడదీయగలుగుతున్నాం.

మన ఊళ్ళలో ఒక సంగతి గమనించాలి. మే నెల మధ్యాహ్నం ల్యాబ్‌లో 44 డిగ్రీలుంటే విస్కాసిటీ 17.3 దాకా పెరుగుతుంది. సంక్రాంతి ముందు పొద్దున్నే 19, 20 డిగ్రీలున్నప్పుడు 15.1. అదే ఫ్యాను వేగం, అదే ప్లేటు, అదే 600 మిల్లీమీటర్లు, అయినా మే మధ్యాహ్నం రెనాల్డ్స్ నంబరు 5.2 లక్షలు, జనవరి పొద్దున 5.96 లక్షలు. రికార్డులో ఉష్ణోగ్రత రాయకుండా నంబరు ఒక్కటే రాసిన పిల్లల లెక్కలు ఒక బ్యాచికీ ఇంకో బ్యాచికీ కలవకపోవడానికి సగం కారణం ఇదే. థర్మామీటరును టెస్ట్ సెక్షన్ దగ్గర కట్టండి. కిటికీ దగ్గర వేలాడుతున్నదాన్ని చూసి రాయకండి.

ప్లేటు

60 సెంటీమీటర్ల పొడవు, టన్నెల్ వెడల్పుకు సరిపడా అల్యూమినియం ప్లేటు తీసుకోండి, 5 లేదా 6 మిల్లీమీటర్ల మందం. యాక్రిలిక్ చూడ్డానికి బాగుంటుంది గానీ అల్యూమినియమే కావాలి, కారణం సూది దగ్గర చెబుతాను.

ప్రాణమంతా ముందంచులో ఉంది. కోసిన ప్లేటును అలాగే పెడితే మొద్దు అంచు దగ్గర గాలి ప్లేటును వదిలేసి, ఓ బుడగలా లేచి, మళ్ళీ అంటుకుంటుంది. అంటుకునేసరికే టర్బులెంట్. ఆ తర్వాత మీరు ఎంత ఓపికగా కొలిచినా లామినార్ పొర కనబడదు. అంచును కోడిగుడ్డు కొసలా సాగిన గుండ్రంతో, మందానికి ఆరు రెట్ల పొడవున సన్నగిల్లేట్టు చెక్కించండి. తర్వాత 400, 800, 1200 నంబర్ల నీటి ఎమెరీ కాగితాలతో వరసగా రుద్దండి. చివరికి గోరు పెట్టి గీస్తే ఎక్కడా తట్టకూడదు.

బిగించేటప్పుడు ప్లేటును కొలిచే వైపుకు గాలి కాస్త ఎక్కువ తగిలేట్టు ఒక డిగ్రీ లోపు వంచండి. అప్పుడు గాలి చీలే గీత మనకు కావలసిన వైపే పడి, అంచు చుట్టూ ఎగిరే గొడవ ఉండదు. సరిగ్గా కుదిరిందో లేదో తెలుసుకోవడానికి అంచుకు సెంటీమీటరు వెనక ఒక సన్నని పట్టుదారపు పోగు అంటించి టన్నెల్ వేయండి. పోగు ప్లేటును అంటిపెట్టుకుని నిశ్చలంగా పడుకుంటే సరే. ఎదురు తిరిగినా, కొట్టుకున్నా ఇంకాస్త వంచండి. చూడటం అయ్యాక ఆ పోగును, దాని జిగురును పూర్తిగా తుడిచేయండి. మర్చిపోతే అదే పొరను చెదరగొడుతుంది. ఎక్కువగా వంచడమూ మంచిది కాదు. ప్లేటు వెంబడి పీడనం తగ్గుతూ పోతే పొర ఆలస్యంగా చెదురుతుంది, పెరుగుతూ పోతే తొందరగా చెదురుతుంది. టన్నెల్ పక్కగోడకు ముందొక చోట, వెనకొక చోట రంధ్రాలు చేసి వాటి పీడనం తేడా చూడండి. డైనమిక్ పీడనంలో (గాలి వేగం వల్ల పుట్టే పీడనంలో) ఒకటి రెండు శాతం లోపు ఉంటే బ్లాసియస్ లెక్కతో పోల్చుకోవచ్చు.

సూది, దాన్ని జరిపే బోల్టు

20 గేజి సూది, కొత్తది, సీలు తీయనిది కొనండి. వాడేసిన సూదులు ముట్టుకోవద్దు. ఏటవాలు మొనను ఎమెరీ రాయి మీద అరగదీసి చదును చేయండి. కరెంటు వైరులోంచి ఒక సన్నని రాగి పోగు తీసి సూది రంధ్రంలో రెండు మిల్లీమీటర్లు దూర్చి, ఆ కొసను వైస్‌లో నెమ్మదిగా నొక్కండి. రంధ్రం అడ్డంగా సాగి చీలికలా అవుతుంది, పోగు లోపల ఉండబట్టి పూర్తిగా మూసుకుపోదు. పోగు లాగేసి, ఇంకో చివర ట్యూబు తగిలించి నోటితో ఊదండి, గాలి రావాలి. కొస బయటి ఎత్తు అర మిల్లీమీటరు దరిదాపుల్లో ఉంటే చాలు. 2.85 మిల్లీమీటర్ల పొరలో తిరగడానికి అంతకంటే లావైనది పనికిరాదు. ప్లేటుకు ముందుగా కొసే తగిలేట్టు సూదిని ఐదారు డిగ్రీలు వంచి, సన్నని స్టీలు గొట్టంలో అతికించండి.

పైకీ కిందికీ జరపడానికి మెట్రాలజీ ల్యాబ్ నుంచి వెర్నియర్ హైట్ గేజి అడిగితే ఇస్తారేమో చూడండి. ఇవ్వకపోతే ఎం6 బోల్టు. దాని మర పిచ్ సరిగ్గా 1 మిల్లీమీటరు, ఒక చుట్టు తిప్పితే ఒక మిల్లీమీటరు, పావు చుట్టుకు పావు మిల్లీమీటరు. బోల్టు తలకు అట్టముక్కతో గడియారం పలకలాంటి డయల్ అంటించుకుంటే ఇరవయ్యో వంతు చుట్టు దాకా చదవొచ్చు. ఎప్పుడూ ఒకే వైపు తిప్పుతూ రీడింగులు తీయండి, గోడ నుంచి బయటికి. వెనక్కి తిప్పారో, మరలో ఉన్న వదులు మీ కొలతలో కలిసిపోతుంది.

ఇక అల్యూమినియం ఎందుకన్నానో చూడండి. సూది ప్లేటును ఎప్పుడు తాకిందో కంటితో తెలియదు. మల్టీమీటరును బజర్‌లో పెట్టి ఒక వైరు సూదికి, ఒకటి ప్లేటుకు తగిలించండి. సూదిని పట్టుకున్న బ్రాకెట్ ప్లాస్టిక్‌దై ఉండాలి, లేకపోతే టన్నెల్ ఇనుము ద్వారా ముందే మోగుతుంది. బీప్ వచ్చిన చోటే మీ మొదలు. అక్కడ సూది నడిమి ఎత్తు సున్నా కాదు, కొస మందంలో సగం, అంటే 0.25 మిల్లీమీటర్లు. ఇంకో మాట. ఈ తాకించే పని టన్నెల్ నడుస్తుండగానే చేయాలి. గాలి లేనప్పుడు తాకించి ఆ తర్వాత ఫ్యాను వేస్తే సూది వెనక్కి వంగి కొస మిల్లీమీటరులో పదో వంతో, రెండు పదో వంతులో లేచిపోతుంది. పొర అడుగున అదే పెద్ద తప్పు.

వాలు మానోమీటరు

15 మీటర్ల గాలి డైనమిక్ పీడనం సుమారు 129 పాస్కల్స్, నీటి ఎత్తులో 13 మిల్లీమీటర్లు. మానోమీటరంటే పీడనాన్ని నీటి ఎత్తుగా చూపే గొట్టం, నిలువుగా పెడితే ఇంత చిన్న ఎత్తును సరిగ్గా చదవలేం. మీటరు పొడవు చెక్కను ఒక చివర 20 సెంటీమీటర్లు ఎత్తి, దాని మీద గొట్టం పరిస్తే అదే పీడనం 66 మిల్లీమీటర్లుగా సాగుతుంది. స్కేలు మీద ఒక గీత రెండు పాస్కల్స్ అన్నమాట.

సెలైన్ ట్యూబును సూదికీ మానోమీటరుకూ మధ్య కలపడానికి వాడండి, వాలు గొట్టంగా మాత్రం వద్దు. సన్న గొట్టంలో నీళ్ళు గోడలకు పట్టుకుని ఆగి ఆగి కదులుతాయి. తాపీ మేస్త్రీలు మట్టం చూసుకునే లెవెల్ పైపు దీనికి సరైనది. చుట్ట చుట్టి ఉంటుంది కాబట్టి ఎండలో కాసేపు పరిచి, మెత్తబడ్డాక అల్యూమినియం చానెల్లో తిన్నగా టేపు వేయండి. నీళ్ళలో రంగు, ఒక్క చుక్క గిన్నెలు తోమే లిక్విడ్ కలపండి. కింద వెడల్పాటి సీసా ఉండాలి. సూది ట్యూబు సీసా మూతకు, టన్నెల్ పక్కగోడ రంధ్రం ట్యూబు వాలు గొట్టం పై చివరకు.

డ్రోన్ల ఎయిర్‌స్పీడ్ కోసం అమ్మే ప్రెజర్ సెన్సారును ఆర్డ్యునో అనే చిన్న కంప్యూటర్ బోర్డుకు తగిలిస్తామని పిల్లలు ఉత్సాహపడతారు. రెండు కిలోపాస్కల్స్ దాకా చదివే ఆ సెన్సారు, ఆర్డ్యునో 10 బిట్ల కన్వర్టరుతో ఐదేసి పాస్కల్స్ మెట్లుగా చూపిస్తుంది. గోడ దగ్గర మనకు వచ్చే పీడనమే 14 పాస్కల్స్. ఇక్కడ మేస్త్రీ పైపే గెలుస్తుంది.

ఇలాంటిదే రెండో మానోమీటరు, ప్లేటుకు బాగా పైన పెట్టిన మామూలు పిటో ట్యూబుకు (గాలి వేగం కొలిచే గొట్టానికి) తగిలించండి. వోల్టేజి పడిపోయినప్పుడల్లా ఫ్యాను మందగిస్తుంది, సాయంత్రాలు మరీను. రెండింటినీ ఒకేసారి చదివి నిష్పత్తి తీసుకుంటే ఆ హెచ్చుతగ్గులు వాటంతటవే కొట్టుకుపోతాయి. గాలి సాంద్రత, చెక్క వాలు కూడా నిష్పత్తిలో ఎగిరిపోతాయి. వేగాల నిష్పత్తికి పీడనాల నిష్పత్తి వర్గమూలం చాలు.

మొదట వినండి

చాలామంది నేరుగా రీడింగుల్లో పడతారు. దానికి ముందు పది నిమిషాలు చెవితో చూడండి. ఈ మొత్తం ప్రయోగంలో నాకు బాగా నచ్చిన భాగం ఇది. గ్లైడర్ల రెక్కల మీద పరిశోధన చేసినవాళ్ళు కూడా ఇదే చేసేవాళ్ళు.

సూది ట్యూబును మానోమీటరు నుంచి తీసి స్టెతస్కోపు గొట్టానికి తగిలించండి. సూది లీడింగ్ ఎడ్జ్ నుంచి 450 మిల్లీమీటర్ల దగ్గర, ప్లేటుకు ఒక మిల్లీమీటరు ఎత్తులో ఉండాలి. ముందుగా సూదిని పొర బయటికి ఎత్తి ఫ్యాను చప్పుడు ఎలా ఉందో చెవికి అలవాటు చేసుకోండి. తర్వాత కిందికి దించి, సెకనుకు ఐదు మీటర్ల నుంచి మెల్లగా వేగం పెంచండి.

లామినార్‌గా ఉన్నంతసేపూ బయట విన్నదానికీ ఇక్కడ విన్నదానికీ తేడా ఉండదు, ఇంకాస్త నెమ్మదిగా కూడా ఉంటుంది. ఒక వేగం దగ్గర ఉన్నట్టుండి "టప్" అని ఒక చప్పుడు. కాసేపు నిశ్శబ్దం. మళ్ళీ రెండు. ఇంకాస్త పెంచితే చిటపటలు దగ్గర దగ్గరగా వస్తాయి, ఇంకా పెంచితే కలిసిపోయి ఏకధాటిగా హోరు. మొదటి టప్ వినబడిన వేగం ఒకటి, హోరు తెగకుండా నిలిచిన వేగం ఇంకొకటి రాసుకోండి. ఉదాహరణకు మొదటిది 9 మీటర్ల దగ్గర వస్తే 9,000 ఇంటూ 450 బై 16.2, రెండున్నర లక్షలు. అదే మీ టన్నెల్ అంకె. వైవాలో చెప్పే ఐదు లక్షలకు సగం.

ఆ టప్‌లు ఏమిటంటే, పొర అంతా ఒక గీత దగ్గర ఒక్కసారిగా చెదరదు. అక్కడక్కడా చిన్న టర్బులెంట్ మచ్చలు పుట్టి, గాలితో పాటు సాగుతూ పెద్దవై, పక్కవాటితో కలిసిపోతాయి. హార్వర్డ్‌లో ఎమన్స్ 1951లో పల్చని నీటి ప్రవాహంలో ఈ మచ్చలను గమనించి చెప్పాడు. ఒక్కో మచ్చ సూది మీదుగా వెళ్ళినప్పుడు మీకు ఒక టప్. మొత్తం సమయంలో ఎంత వంతు మచ్చల్లో గడుస్తోందన్నదాన్ని ఇంటర్మిటెన్సీ అంటారు, సున్నా నుంచి ఒకటి దాకా పెరుగుతుంది. ఇది ఎలా పెరుగుతుందో చెప్పే సూత్రం బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో పుట్టింది. రొద్దం నరసింహ 1957లో ఇచ్చారు. 1958లో ఆయన, సతీశ్ ధవన్ కలిసి రాసిన పరిశోధన పత్రం ప్రకారం, మారే మేరలో సగటు వేగం లామినార్ ప్రొఫైల్‌నూ టర్బులెంట్ ప్రొఫైల్‌నూ ఇంటర్మిటెన్సీ వంతున కలిపిన మిశ్రమం. మన శ్రీహరికోట అంతరిక్ష కేంద్రానికి పేరు పెట్టింది ఈ ధవన్ గారిదే. రాకెట్ల వైపు రాకముందు ఆయన పని ప్లేటు మీది ఒరిపిడిని కొలవడం.

తర్వాత కొలవండి

చెవి చెప్పినదాన్ని ఇప్పుడు కాగితం మీదికి తేవాలి. సూదిని 300 మిల్లీమీటర్ల దగ్గర బిగించి, 15 మీటర్ల వేగం పెట్టండి. మీ టన్నెల్లో ఆ చోట అప్పటికే హోరు వస్తుంటే వేగం 10, 11కి తగ్గించండి.

బీప్ నుంచి మొదలుపెట్టి 2 మిల్లీమీటర్ల ఎత్తు దాకా పావు మిల్లీమీటరు చొప్పున, ఆపైన అర మిల్లీమీటరు చొప్పున జరపండి. వేగం ఇక పెరగడం లేదని వరసగా నాలుగు రీడింగులు చెప్పాక ఆపండి. ఒక్కోసారి జరిపాక నీళ్ళు కుదురుకునేదాకా అర నిమిషమైనా ఆగాలి, సూది రంధ్రం సన్నది కదా. గొట్టాన్ని వేలితో తట్టి చదవండి. పొర అడుగున మొదటి ఒకటి రెండు రీడింగులు ఎప్పుడూ కాస్త ఎక్కువే చూపిస్తాయి. సూది తన మందం మేర సగటు తీస్తుంది, పైగా ఉన్నచోటి కంటే కొంచెం పైనున్న వేగాన్ని చూపిస్తుంది. దీనికి ఎత్తుకు సూది మందంలో 0.15 వంతు కలపడం వాడుక.

15 మీటర్లు, 300 మిల్లీమీటర్లకు బ్లాసియస్ చెప్పేది ఇది: 0.57 మిల్లీమీటర్ల ఎత్తులో పూర్తి వేగంలో 33 శాతం, 1.14 దగ్గర 63, 1.71 దగ్గర 85, 2.28 దగ్గర 96, 2.85 దగ్గర 99. మీ చుక్కలను ఈ గీత మీద పెట్టి చూడండి. గోడ దగ్గర దాదాపు సరళరేఖలా లేచి, పైన మెల్లగా వంగితే లామినార్. టర్బులెంట్ అయితే రూపమే వేరు. మందంలో ఐదో వంతు ఎత్తుకే వేగం 80 శాతానికి చేరిపోయి, ఆపైన బద్ధకంగా సాగుతుంది.

కంటికి నచ్చిందని వదలకుండా షేప్ ఫ్యాక్టర్ (ప్రొఫైల్ రూపాన్ని ఒక్క అంకెలో చెప్పే నిష్పత్తి) కట్టండి. ఎక్సెల్‌లో ఎత్తు ఒక వరస, వేగం నిష్పత్తి ఇంకో వరస. మూడో వరసలో 1 నుంచి ఆ నిష్పత్తి తీసేయండి. నాలుగో దాంట్లో మూడో వరసను నిష్పత్తితో హెచ్చించండి. ఎత్తు సున్నా దగ్గర నిష్పత్తి సున్నా అని ఒక అడ్డు వరస మీరే చేర్చాలి, అక్కడ సూది వెళ్ళలేదు. మూడో వరస కింద వైశాల్యం ట్రెపిజాయిడల్ పద్ధతిలో కడితే డిస్‌ప్లేస్‌మెంట్ మందం, నాలుగో దానికి కడితే మొమెంటం మందం. మొదటిదాన్ని రెండోదానితో భాగించండి. 2.6 దగ్గర వస్తే లామినార్, 1.4 దగ్గర వస్తే టర్బులెంట్. 2 చుట్టూ తిరుగుతుంటే మీరు చిటపటల మేరలో ఉన్నారు. నన్నడిగితే, ఈ ప్రయోగంలో నమ్మదగిన అంకె ఇదొక్కటే. పొర మందం 99 శాతం దగ్గర అని చెబుతాం గానీ, గీత చదునైపోయిన ఆ చోట ఇద్దరు చదివితే రెండు రకాలుగా వస్తుంది.

కావాలని చెదరగొట్టడం

లామినార్ దొరికిందంటే టర్బులెంట్ తెప్పించడం తేలికే. అంచు నుంచి 50 మిల్లీమీటర్ల దగ్గర ప్లేటుకు అడ్డంగా ఒక తీగ అంటించాలి. ఏ తీగ పడితే అది పనిచేయదు. గాలి వేగాన్ని తీగ మందంతో హెచ్చించి విస్కాసిటీతో భాగిస్తే 600 దాటాలి, 900 దగ్గర ఉంటే నిశ్చింత. పావు మిల్లీమీటరు కుట్టుదారానికి 15 మీటర్ల గాలిలో 230 మాత్రమే వస్తుంది, పొర దాని మీదుగా దాటి వెళ్ళిపోవచ్చు. చేపల గాలానికి వాడే 0.9 మిల్లీమీటర్ల నైలాన్ దారానికి 830, అది చాలు. మళ్ళీ 300 దగ్గర ప్రొఫైల్ తీయండి. మందం మూడింతలై, షేప్ ఫ్యాక్టర్ 1.4కి పడిపోవడం మీ కళ్ళముందే జరుగుతుంది.

మూలపాడు మైదానంలో కొత్త బంతితో స్వింగ్ వేసే కుర్రాడు చేసేదీ ఇదే, అతని దారం బంతి సీమ్. సెకనుకు 30 మీటర్ల బంతికి రెనాల్డ్స్ నంబరు లక్షా ముప్పై వేలు. నున్నటి వైపు పొర లామినార్‌గా ఉండి తొందరగా బంతిని వదిలేస్తుంది. సీమ్ వైపు టర్బులెంట్ అయి ఇంకాసేపు అంటిపెట్టుకుంటుంది. బంతి సీమ్ చూపిన వైపుకు వంగుతుంది.

కలరా ఉండలతో బొమ్మ

సూది ఒక్క చోటే చూస్తుంది. ప్లేటు మొత్తం ఒకేసారి చూడాలంటే నల్ల మ్యాట్ పెయింటు వేసి ఆరబెట్టి, నాఫ్తలీన్ కలరా ఉండల పొడిని ఆసిటోన్‌లో కరిగించి స్ప్రే గన్‌తో పల్చగా కొట్టండి. అయితే ఆసిటోన్ పెయింటును కూడా కరిగిస్తుంది కాబట్టి ఓవెన్లో కాల్చి గట్టిపరిచిన పౌడర్ కోటింగే మేలు, ఆటోనగర్‌లో చేస్తారు. ఆసిటోన్ ఆరిపోయి తెల్లటి పొడి పొర మిగులుతుంది. స్ప్రే కొట్టేటప్పుడు అంచును, మొదటి 50 మిల్లీమీటర్లను కాగితంతో కప్పి ఉంచండి, అక్కడ గరుకు చేరితే అదే పొరను చెదరగొడుతుంది. ఇక టన్నెల్ వేసి వదిలేయండి. టర్బులెంట్ పొర కింద నాఫ్తలీన్ తొందరగా ఆవిరైపోయి నలుపు బయటపడుతుంది, లామినార్ కింద తెలుపు చాలాసేపు నిలుస్తుంది. వేడి ఎంత ఉంటే పని అంత త్వరగా అవుతుంది. ఈ ఒక్క ప్రయోగానికి మన ఎండాకాలం కలిసొస్తుంది.

బొమ్మలో మారే గీత తిన్నగా ఉండదు. తెలుపు మధ్యలోకి నల్లటి త్రిభుజాలు పొడుచుకొచ్చి ఉంటాయి. ఒక్కో త్రిభుజం మొన దగ్గర వేలితో తడిమి చూడండి, ఇసుక రేణువో, అంటుకున్న దోమో తగులుతుంది. అక్కడి నుంచి చెదరడం మొదలై, రెండు వైపులా పదేసి డిగ్రీల చొప్పున విచ్చుకుంటూ పోయిందన్నమాట. సూది పెట్టిన చోటు అలాంటి త్రిభుజంలో పడి ఉంటే మీ రెండున్నర లక్షలు టన్నెల్‌ది కాదు, దోమది. ప్లేటు తుడిచి మళ్ళీ వినండి.

ఆసిటోన్ భగ్గున మండుతుంది, స్ప్రే ఆరుబయట కొట్టండి, దగ్గర్లో వెల్డింగు, సిగరెట్టు ఉండకూడదు. టన్నెల్ గాలి గదిలోకి కాకుండా కిటికీ బయటికి పోవాలి. జీ6పీడీ అనే ఎంజైము లోపం ఉన్నవాళ్ళకు నాఫ్తలీన్ ప్రమాదకరం, రక్తకణాలు పగిలిపోతాయి. అలాంటివాళ్ళను ఈ భాగానికి దూరంగా ఉంచండి.

అంకెను పైకి నెట్టడం

దోమలు, గరుకు, అంచు అన్నీ సరిచూశాక కూడా అంకె తక్కువగానే ఉంటే తప్పు వచ్చే గాలిది. టన్నెల్ నోటి దగ్గర జ్యూస్ స్ట్రాలను కట్టలుగా పేర్చి తేనెపట్టులా బిగించండి. స్ట్రా పొడవు దాని వ్యాసానికి కనీసం ఎనిమిది, పది రెట్లుండాలి. దాని వెనక దోమల జాలీ ఒక పొర, ఒక జానెడు ఎడంగా ఇంకో పొర. జాలీ మరీ దట్టమైనది వద్దు, ఖాళీ భాగం 57 శాతం కంటే ఎక్కువ ఉండాలి. తక్కువైతే రంధ్రాల్లోంచి వచ్చే సన్నని ధారలు ఒకదానితో ఒకటి కలిసిపోయి కొత్త కుదుపులు పుట్టిస్తాయి. ఒక్కో పొర చేర్చినప్పుడల్లా స్టెతస్కోపు పెట్టుకుని మొదటి టప్ ఏ వేగం దగ్గర వచ్చిందో చూడండి. పొరల సంఖ్య అడ్డంగా, రెనాల్డ్స్ నంబరు నిలువుగా గ్రాఫు గీయండి. గీత పైకి ఎక్కడం ఆగిపోయిందంటే ఇక జాలీలతో పని జరగదు, ఫ్యాను వణుకో, మోటారు శబ్దమో అడ్డుపడుతోంది. ఫ్యానుకూ టెస్ట్ సెక్షన్‌కూ మధ్య రబ్బరు షీటుతో అతుకు వేసి, మోటారు కాళ్ళ కింద రబ్బరు దిమ్మలు పెట్టి మళ్ళీ మొదలుపెట్టండి.